ఇంట్లో వెంకటదాసు, అడవిలో జగ్గడు



గుంటూరు వైపు పల్లెల్లో మనిషి పేరు చివర ఏముందో విని అతని కులమేదో, ఊరు అతనికి ఏపాటి మర్యాద ఇస్తుందో పోల్చుకునే రోజులు మరీ పాతవేం కావు. చివర 'అయ్య' ఉంటే ఒక లెక్క, 'నాయుడు' ఉంటే ఒక లెక్క, 'గాడు' ఉంటే ఇంకో లెక్క. ఈ లెక్క బాగా తెలిసిన రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ. ఆయన 'మాలపల్లి' నవలలో ఊరి మోతుబరి చౌదరయ్య. ఆ మోతుబరి కొడుకు రామానాయుడు. మాలపల్లిలో అందరూ గౌరవించే భక్తుడు రామదాసు. ఆయన కొడుకులు వెంకటదాసు, సంగదాసు. ఆ పేర్ల చివర ఉన్న 'దాసు' ఊరు దయతలిచి ఇచ్చింది కాదు. భక్తితో, మంచి నడవడితో ఆ ఇల్లు సంపాదించుకున్న మర్యాద అది. పెద్దకొడుకు ఆ మర్యాదను చేతులారా తెంపేసుకుని జగ్గడయ్యాడు. తక్కెళ్ళ జగ్గడు!

'మాలపల్లి' గురించి మాట్లాడేవాళ్ళు ముందుగా రామదాసు శాంతం గురించి చెబుతారు. తర్వాత సంగదాసు త్యాగం, రామానాయుడి మనసు మారడం. జగ్గడి వంతు చివరికి వస్తుంది, అదీ రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఈ ప్రసంగం ఆ చివరివాడి గురించి. అతనిలో మెచ్చుకోవలసిందేమిటి, తప్పుపట్టవలసిందేమిటి, ఆ రెండూ ఒకే చోట పుట్టాయా అన్నది చూడాలి.

ముందు పుస్తకం సంగతి. ఉన్నవ 1877లో అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి గుంటూరులో వితంతు వివాహాలు జరిపించారు, ఆడపిల్లల చదువు కోసం శారదానికేతనం నడిపారు. 1910లలో బారిష్టరు చదువుకు ఐర్లండు వెళ్ళి డబ్లిన్‌లో ఉన్నారు. 1913లో యజమానులు కార్మికులను వేలల్లో బయటికి గెంటి ఫ్యాక్టరీలకు తాళాలు వేసిన ఊరు అది. 1916 ఈస్టర్ తిరుగుబాటు జరిగిందీ అక్కడే. ఇంటికి తిరిగొచ్చాక సహాయనిరాకరణలోకి దిగారు. పల్నాడు రైతులు అడవిలో పశువుల మేతకు కట్టే పుల్లరి పన్ను మీద తిరగబడినప్పుడు, 1921లో, ఆ గొడవలోనే అరెస్టయ్యారు. రాయవేలూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశారు. దానికి 'సంగ విజయము' అని ఇంకో పేరు పెట్టారు. వినడానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక మాట: 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' సినిమాకూ ఈ నవలకూ సంబంధం లేదు. ఆ సినిమా కథ చలంది.

నవలలో ఊరు మంగళాపురం. రామదాసుది ఉన్నంతలో సర్దుకుని పద్యం, పాట, తత్త్వం చెప్పుకుంటూ గుట్టుగా బతికే సంసారం. భార్య మహాలక్ష్మి, కూతురు జ్యోతి. సంగదాసు చౌదరయ్య దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి ఆ పాలేరే ప్రాణస్నేహితుడు. ఇద్దరూ కలిసి చదువుకుంటారు, వాదించుకుంటారు. ఊళ్ళో చాలామందికి అది కిట్టదు.

గొడవ కూలి దగ్గర మొదలవుతుంది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ధరలు పెరిగాయి. గింజల రూపంలో కూలి తీసుకునేవాడికి ఆ రోజుల్లో కాస్త ఊపిరాడింది, ఎందుకంటే గింజ విలువ పెరిగిన కొద్దీ అతని కూలి విలువా పెరిగింది. అది చూసి ఆసాములు గింజలు మానేసి డబ్బు ఇద్దామనుకుంటారు. పైకి ఇది చిన్న మార్పులా కనబడుతుంది. కల్లం దగ్గర నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది. పొద్దున్నుంచి వంగిన నడుముతో మనిషి గోనెసంచి పరిచి నిలబడతాడు. కుంచం నిండుతుంది. దాని మీద గోపురంలా నిలిచే గింజలను ఆసామి అరచేత్తో చదును చేస్తాడో, అలాగే వదిలేస్తాడో అన్నదాని మీద ఆ ఇంట్లో పిల్లలకు రాత్రి రెండో ముద్ద ఉందో లేదో తేలిపోతుంది. అలాంటి బతుకులో గింజ పోయి పైసలొస్తే, ఆ పైసలతో బజారుకెళ్ళి పెరిగిన ధరకు అవే గింజలు కొనుక్కోవాలి. నష్టమెవరికో చెప్పడానికి చదువక్కర్లేదు. సంగదాసు కూలీలను కూడగట్టి పనిలోకి పోవద్దంటాడు. చౌదరయ్య కోపం పట్టలేక అతన్ని కొడతాడు. ఆ దెబ్బతో సంగదాసు చనిపోతాడు.

ఒక ఇంట్లో పిడుగు పడితే ఆ ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోలా అయిపోతారు. రామదాసు దేవుడి వైపు, శాంతం వైపు ఇంకాస్త ఒరుగుతాడు. తండ్రి చేసిన పనికి కుమిలిపోయిన రామానాయుడు స్నేహితుడి పేర సంగపీఠం పెట్టి పేదల చదువుకు పూనుకుంటాడు. వెంకటదాసు ఇల్లు విడిచి వెళ్ళిపోతాడు. కొన్నాళ్ళకు చుట్టుపక్కల కలవాళ్ళ ఇళ్ళలో జగ్గడి పేరు చెబితే తలుపులు రెండుసార్లు గడియ పడటం మొదలవుతుంది. జగ్గడి ముఠా ఉన్నవాళ్ళను కొడుతుంది, లేనివాళ్ళకు పంచుతుంది.

ఇక అతని గుణాల దగ్గరికి వద్దాం.

జగ్గడిలో మొదటి గొప్ప అతని చూపు. తమ్ముడి చావును అతను ఒక ముసలి ఆసామి క్షణికావేశంగా చూడలేదు. 'చౌదరయ్య కోపిష్టివాడు, ఏదో చెయ్యి జారింది' అని ఊరు అనుకోవచ్చు. కానీ ఆ చెయ్యికి అంత ధైర్యం ఎక్కడిది? చంపినా కేసు దాకా పోదనీ, పోయినా నిలబడదనీ, సాక్ష్యం చెప్పేవాడు రేపు అదే చేలో కూలికి రావాలనీ ఆ చెయ్యికి ముందే తెలుసు. వెంకటదాసుకూ అది తెలుసు. అందుకే అతను తిరగబడింది ఒక్క చౌదరయ్య మీద కాదు. అన్నదమ్ముల పగ తీర్చుకునే మామూలు కథానాయకుడైతే ఆ రాత్రే కత్తి పట్టుకుని చౌదరయ్య ఇంటికి పోయేవాడు, కథ అక్కడితో ముగిసేది. పగను పక్కనపెట్టి, సొత్తు కొందరి గాదెల్లోనే ఎందుకు పేరుకుపోతోందన్న ప్రశ్న దాకా వెళ్ళాడు జగ్గడు. 1922లో ఒక తెలుగు నవలలో మాలపల్లి కుర్రవాడు ఆ ప్రశ్న దాకా రావడం చిన్న సంగతి కాదు.

రెండోది, దాచుకోకపోవడం. కొట్టి తెచ్చిన సొత్తులో తన వాటా, తన ఇంటి వాటా అని అతనికి లెక్క లేదు. ఇంటిపేరు తక్కెళ్ళ అని వినగానే తక్కెడ గుర్తొస్తుంది. రచయిత కావాలని పెట్టారో, యాదృచ్ఛికంగా కుదిరిందో గానీ, కుంచం దగ్గర మొదలైన తగాదాలోంచి పుట్టిన మనిషికి తూకం పేరు రావడం బాగా అతికింది.

మూడోది ఆ పేరు మార్పే. రామదాసు కుటుంబం 'దాసు' అనిపించుకుని తలెత్తుకుంది. మర్యాదగా ఉంటే ఊరు మర్యాద ఇస్తుందన్నది తండ్రి నమ్మకం. సంగదాసు అంతకన్నా మర్యాదస్తుడు, చదువుకున్నవాడు, ఆసామి కొడుకంతటివాడికి స్నేహితుడు. ఆ మర్యాద అతన్ని కాపాడలేదు. అందుకే కాబోలు, పెద్దకొడుకు ఊరు తన వాళ్ళను ఈసడించి పిలిచే 'డు'నే తీసి తన పేరుకు తగిలించుకున్నాడు. ఏ పిలుపుతో తక్కువ చేశారో ఆ పిలుపుతోనే భయపెట్టాడు. ఇది పుస్తకంలో ఎవరూ విడమరిచి చెప్పరు. తెలుగు పల్లె పిలుపులు ఎరిగిన చెవికి తగులుతుంది.

మరి లోపాలు?

జగ్గడు అడవిలో ఉన్నాడు. అతని వాళ్ళు ఊళ్ళో ఉన్నారు. దొంగ దొరక్కపోతే దొంగ ఇంటివాళ్ళ మీద పడటం పోలీసులకు కొత్త కాదు. అనుమానం ఆ గుడిసె చుట్టూ తిరుగుతుంది. నవలలో రామదాసు సంసారం కేసుల్లో ఇరుక్కుని చెదిరిపోతుంది, నేరస్థుల సెటిల్మెంటు దాకా పోతుంది. ఆ చెరబతుకులో మహాలక్ష్మి కన్నుమూస్తుంది. జ్యోతి నీళ్ళపాలవుతుంది. వాళ్ళ కష్టాలన్నిటికీ జగ్గడే కారణమని అనడం అన్యాయం. చట్టం చేసినదాన్ని చట్టం ఖాతాలోనే రాయాలి. అయితే తను వేసిన అడుగు వెనక ఎవరు నలుగుతారో చూసుకోవలసిన పెద్దకొడుకు వెనక్కి తిరిగి చూడలేదన్నదీ నిజం. అసలు పేరు దాచేసుకుంటే ఇంటివాళ్ళు బతికిపోతారనుకున్నాడేమో. పేరు మార్చుకున్నంత తేలిగ్గా రక్తసంబంధం మారదు.

సెటిల్మెంటు అనగానే ఈ ప్రాంతం శ్రోతలకు స్టువర్టుపురం గుర్తొచ్చి ఉంటుంది. కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన చట్టం 1871లో వచ్చింది. 1911 నాటి సవరణతో మద్రాసు రాజధానికీ అది వర్తించింది. ఆ దశకంలోనే బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురం వెలిసింది. ముక్తిఫౌజు, అంటే సాల్వేషన్ ఆర్మీ, దాన్ని నడిపింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఆ ఊరికి పెట్టారు. హాజరు వేయించుకోవడం, చెప్పకుండా పొలిమేర దాటితే శిక్ష, ఇవీ అలాంటి చోట్ల దినచర్య. ఉన్నవ తన పాత్రలను సెటిల్మెంటుకు పంపినప్పుడు ఊహలోంచి నరకాన్ని కల్పించలేదు. గుంటూరు నుంచి చూస్తే అది రైలు దూరంలోనే ఉంది. ఆ చట్టం పీడ విరగడై, ముద్రపడిన కులాలు విముక్త జాతులయ్యేసరికి 1952 వచ్చింది.

జగ్గడి రెండో లోపం పైకి గుణంలా కనిపించేది: పంచడం. సంగదాసు కూలీలకు ఏమీ ఇవ్వలేదు. ఇవ్వడానికి అతని దగ్గరేమీ లేదు కూడా. వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి 'రేపు పనిలోకి పోవద్దు' అని ఒప్పించాడు. ఒప్పుకున్న ప్రతి మనిషీ ఆ రాత్రి ఇంటికెళ్ళి పెళ్ళాంతో మాట్లాడుకుని, పొయ్యిలోకి ఏముందో చూసుకుని, భయపడి, మళ్ళీ ధైర్యం తెచ్చుకుని ఉంటాడు. జగ్గడు పంచేటప్పుడు అదేమీ ఉండదు. తెల్లారి గడప దగ్గర గింజలో, డబ్బో కనబడతాయి. తీసుకున్నవాడు దణ్ణం పెడతాడు. కుంచం ఆసామి చేతిలోంచి జగ్గడి చేతిలోకి వచ్చింది. కూలివాడి చేతికి మాత్రం రాలేదు. ఇచ్చే చెయ్యి ఎంత మంచిదైనా కిందున్న చెయ్యి కిందే ఉండిపోయింది. రాబిన్‌హుడ్ నుంచి ఇటువైపు గజదొంగల కథల దాకా ఉన్న చిక్కు ఇదే. ఎరిక్ హాబ్స్‌బామ్ అనే చరిత్రకారుడు ఇలాంటి దొంగల మీద ఒక పుస్తకమే రాశాడు. అన్యాయానికి ఎదురుతిరిగినా, అన్యాయాన్ని నిలబెట్టే కట్టడాన్ని వాళ్ళు మార్చలేరన్నది అతని వాదన సారం.

మూడో లోపం ఒంటరితనం. దాక్కున్న మనిషితో ఎవరూ వాదించలేరు. సంగదాసుతో వాదించడానికి రామానాయుడున్నాడు, తండ్రి ఉన్నాడు. జగ్గడి చుట్టూ అనుచరులున్నారు. 'ఇది తప్పు' అనగలిగిన మనిషి ఒక్కడూ దగ్గర లేడు. చివరికి అతని కథ జైలుగోడల మధ్యే తెల్లవారుతుంది.

అతన్ని ఇలా తీర్చడంలో రచయిత పొరపాటూ కొంత ఉంది. ఉన్నవ గాంధీ దారిలో జైలుకు వెళ్ళిన మనిషి. దోపిడీ మంచిదని ఆయన రాయలేరు. అలాగని జగ్గణ్ణి దుర్మార్గుణ్ణి చేయడానికీ మనసొప్పలేదు. అందుకని మధ్యే మార్గంగా అతనికి ఆదర్శాల పాలు ఎక్కువ పోశారు. మాలపల్లి మాటలు రాసేటప్పుడు ఉన్నవ కలం గుంటూరు నేల మీద నడుస్తుంది. యాస, సామెత, ఎత్తిపొడుపు అన్నీ మనం విన్నట్టే ఉంటాయి. జగ్గడి దగ్గరికి వచ్చేసరికి ఆ కలం నేల విడిచి కాస్త పైన నడుస్తుంది. సంగదాసు పోయాక మొదటి రాత్రి ఆ అన్న ఎలా గడిపాడు? మొదటి దోపిడీకి చెయ్యి వణికిందా? ఇలాంటివి పాఠకుడు తనే ఊహించుకోవాలి. రామదాసు మౌనం అర్థమైనంతగా జగ్గడి కోపం అర్థం కాకపోవడానికి కారణం ఇదే.

అయితే ఈ చిన్న పాత్ర ఒకచోట మాత్రం పెద్దగా కనబడి ఉంటుంది: మద్రాసు ప్రభుత్వం బల్ల మీద. ఆ రోజులు చూడండి. 1921లో చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఊళ్ళు ఖాళీ చేసి రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి గడిపారు. 1922 జనవరికి పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టడం మానేశారు. ఫిబ్రవరిలో పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతును మించాలపాడు దగ్గర కాల్చి చంపారు. ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడ్డాడు. ఆ ఏడాదే అచ్చయిన 'మాలపల్లి'లో, కలవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పంచుతూ అడవుల్లో తిరిగే ఒక మాల కుర్రవాడు ఉన్నాడు. ఉన్నవ అరెస్టయ్యేనాటికి చింతపల్లి దాడి ఇంకా జరగనేలేదు. కానీ పుస్తకాన్ని చదివిన అధికారికి ఆ తేదీలతో పనేముంది?

నవలను నిషేధించారు. 1928లో కొన్ని మార్పులతో అచ్చు వేసుకోనిచ్చారు. 1936లో మళ్ళీ నిషేధం. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక గానీ ఆ సంకెళ్ళు పూర్తిగా తెగలేదు. ఉన్నవ 1958 దాకా బతికారు కాబట్టి తన పుస్తకానికి దక్కిన స్వేచ్ఛను, దేశానికి దక్కిన స్వేచ్ఛను రెండిటినీ చూశారు.

ఆ తర్వాతి మాలపల్లి మనుషులు ఈ పాత్రలను ఇంకో కంటితో చదివారు. రామదాసు ఓర్పు పై కులాల సంస్కర్తకు నచ్చే ఓర్పేనని దళిత విమర్శకులు నిలదీశారు. వాళ్ళ ప్రశ్నకు ఈ నేల మీదే బలమైన కారణాలున్నాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. సంగదాసు మీద పడిన దెబ్బ డెబ్బయ్యేళ్ళయినా ఆగలేదన్నమాట. కానీ కారంచేడు బాధితులు చేసిందేమిటో గమనించాలి. వాళ్ళు ఊరు విడిచి చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. వాళ్ళ పోరాటంలోంచి దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు. తమ పేర్లు దాచుకోలేదు, అడవికి పోలేదు. పట్టపగలు, రోడ్డు మీద, సొంత పేర్లతో నిలబడి నేరస్థుల పేర్లు చెప్పారు. కేసు ఇరవై ఏళ్ళకు పైగా నడిచి 2008లో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్ళింది. జగ్గడి చూపు వాళ్ళకుంది. జగ్గడికి లేని తోడు కూడా వాళ్ళకుంది. సంగదాసు కూలీలతో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన పనిని వాళ్ళు ఇంకో రకంగా అందుకున్నారని అనుకోవచ్చు.

ఇప్పుడు మంగళాపురం లాంటి ఊరికి పోతే జొన్నచేలు తక్కువ. నల్లరేగడి మీద పత్తి తెల్లగా విచ్చుకుని ఉంటుంది. మిరప కల్లాల్లో కాయలు ఎర్రటి తివాచీల్లా ఆరుతుంటాయి. కుంచాలు అటకెక్కాయి. పత్తి తీతకు కిలోల లెక్కన కూలి. పొద్దువాలే వేళకు చేని గట్టు మీద ఆడవాళ్ళు ఒడి సంచులు, మూటలు దించుకుని వరసగా కూర్చుంటారు. ఒక్కొక్క మూటా కాటాకు తగిలిస్తారు. ఆసామి మనిషి అంకె పైకి చదివి పుస్తకంలో రాసుకుంటాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళలో బడికి పోయి వచ్చిన ఒక పిల్ల తల్లి పక్కన నిలబడి, కాటా మీద అంకె తనూ చూసి, అరచేతిలో పెన్నుతో రాసుకుంటుంది. అంకె సరిపోలకపోతే అక్కడే, అందరి ముందే అడుగుతుంది. ఆ పిల్ల 'మాలపల్లి' చదివి ఉండకపోవచ్చు. తక్కెళ్ళ జగ్గడి పేరు విని ఉండకపోవచ్చు. తర్వాతి మూట కాటా ఎక్కుతుంది, ఆమె మళ్ళీ తల ఎత్తి చూస్తుంది.